దయ్యాల నడకలో చరిత్ర పాలెంత?

ఎడిన్‌బరా పాతబస్తీలో రాత్రిపూట సాగే ‘ఘోస్ట్ టూర్ల’ గురించి క్రిందటి సంచికలో ఒక పాఠకుడికి నాలుగు వాక్యాల్లో జవాబిచ్చాను. ఆ నాలుగు వాక్యాలూ చాలలేదని చెబుతూ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటిని ఎంచి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ఉద్యోగరీత్యా ఆ ఊళ్లో రెండేళ్లు ఉన్నవాడిని. ఈ నడకలకు కొన్నిసార్లు సొంత సరదా కొద్దీ, ఎక్కువసార్లు ఇంటికి వచ్చిన చుట్టాలకు తోడుగా వెళ్లాను. స్కాట్లాండ్ వారు ఊరి పేరును ఎడిన్‌బర్గ్ అని పలకరు కనుక నేను కూడా ఎడిన్‌బరా అనే రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఎడిన్‌బరాలో చదువుకుంటున్నాడు. వాణ్ణి చూడటానికి వచ్చే జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. రాత్రి తొమ్మిదింటికి దయ్యాల టూరుకు టిక్కెట్లు తీస్తానంటున్నాడు. డబ్బిచ్చి మరీ భయపడటం ఎందుకని మా ఆవిడ అడుగుతోంది. అసలు అందులో చూపించేది ఏమిటి? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ముందుగా మీ శ్రీమతి గారికి ధైర్యం కలిగించే మాట ఒకటి చెబుతాను. జూన్ నెలలో ఎడిన్‌బరాలో రాత్రి పది గంటల ప్రాంతంలో గాని పొద్దు గుంకదు. ఆ తర్వాత కూడా ఆకాశంలో వెలుగు చాలాసేపు నిలుస్తుంది. కాబట్టి మీ నడకలో వీధిలో సాగే భాగమంతా సాయంకాలం షికారులాగే ఉంటుంది. దయ్యాలకు అనువైన నెల డిసెంబరు. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకే చీకటి పడటం మొదలవుతుంది.

ఇక చూపించేది ఏమిటంటారా, ప్రధానంగా ఊరినే చూపిస్తారు. కొండ మీద కోట నుంచి దిగువన హోలీరూడ్ రాజప్రాసాదం దాకా వీపుగట్టులా దిగే ఒక మిట్ట మీద పాతబస్తీ ఉంది. ఆ మిట్ట మీది వీధినే రాయల్ మైల్ అంటారు. దానికి ఇరువైపులా చేప ముళ్లలాగా సన్నని సందులు పల్లానికి దిగిపోతాయి. ఒక్కొక్క సందును ‘క్లోజ్’ అంటారు. మన పాత ఊళ్లలో కంసాలి వీధి, కుమ్మరి వీధి ఉన్నట్టే అక్కడ మాంసం అంగళ్ల పేరు మీద ఒకటి, వకీళ్ల పేరు మీద ఒకటి ఉన్నాయి. ఊరి చుట్టూ గోడ, ఉత్తరాన చెరువు ఉండటంతో శతాబ్దాల పాటు జనం పెరిగారే గాని ఊరు పక్కలకు పెరగలేదు. అందుచేత ఇళ్లు పైకి లేచాయి. పల్లపు వైపు నుంచి లెక్కపెడితే పది అంతస్తులు దాటినవి కూడా ఉండేవి. పై అంతస్తుల వారు మురుగునీటిని కిటికీలోంచి పారబోస్తూ ‘గార్డీలూ’ అని కేక వేసేవారు. కేక వినపడిన వెంటనే పక్కకు తప్పుకోవటం దారిన పోయేవారి బాధ్యత. 1767లో చెరువుకు అవతల కొత్త పట్టణానికి నమూనా ఖరారైన తర్వాత కలిగినవారు మెల్లగా అటు తరలిపోయారు, లేనివారు ఈ సందుల్లో మిగిలిపోయారు. గైడ్ చెప్పే కథలన్నిటికీ ఈ ఇరుకే పునాది.

సెయింట్ జైల్స్ చర్చి పక్కన రాతి పలకల మధ్య గుండె ఆకారంలో పేర్చిన రాళ్లు ఉంటాయి. 1817లో కూల్చివేసిన పాత జైలు అక్కడ ఉండేది. నేను వెళ్లిన మొదటి రోజు నల్లని అంగీ తొడుక్కుని లాంతరు పట్టుకున్న గైడ్ మాట్లాడుతూనే ఆ గుండె మీద చటుక్కున ఉమ్మి, ఏమీ జరగనట్టు ముందుకు నడిచాడు. మా వెంట వచ్చిన బాబాయి గారు దిగ్భ్రాంతులయ్యారు. అక్కడ ఉమ్మటం ఆ ఊరి ఆచారం. జైలు మీద అసహ్యంతో మొదలైందని కొందరు, మంచి జరుగుతుందని మరికొందరు చెబుతారు. మీరు చేయవలసిన పనేమీ లేదు, చూసి నడిస్తే చాలు.

భయపెట్టే భాగం నేలమాళిగల్లో ఉంటుంది. సౌత్ బ్రిడ్జి అనే వీధి మీద నడిచేవారికి తాము వంతెన మీద ఉన్నామన్న సంగతే తెలియదు, ఎందుకంటే రెండు పక్కలా భవనాలు దానిని పూర్తిగా కప్పేశాయి. 1785లో మొదలై 1788లో పూర్తయిన ఆ వంతెనకు 19 కమానులు ఉంటే, కౌగేట్ వీధి మీద ఉన్న ఒక్కటే బయటికి కనిపిస్తుంది. మిగిలినవాటి లోపల అంతస్తులు వేసి, అరలుగా విడగొట్టి, గిడ్డంగులకూ చెప్పులు కుట్టేవారికీ సారా అమ్మేవారికీ ఇచ్చారు. పైనుంచి నీరు దిగకుండా కట్టుదిట్టం చేయని కారణంగా అరలు కొద్ది ఏళ్లకే కారసాగాయి. వ్యాపారులు ఒక్కొక్కరే వదిలిపోగా, వేరే గతి లేని బీదలు చేరారు. చివరకు రాళ్లూ మట్టీ పోసి మూసేశారు. 1980లలో మళ్లీ తవ్వి తీసినప్పుడు ఆ మట్టిలో ఆల్చిప్పలు, సీసాలు, పింగాణీ పెంకులు బయటపడ్డాయి. ఆల్చిప్పలు అప్పట్లో బీదవాళ్ల తిండి.

లోపలికి తీసుకుపోయి గైడ్ లాంతరు ఆర్పేస్తాడు. ఎక్కడో ఒక చుక్క నీరు పడుతుంది, మళ్లీ చాలాసేపటికి ఇంకొకటి పడుతుంది. ఆ చీకట్లో మా బాబాయి గారు గోడను తడిమి, వేళ్లు వాసన చూసుకుని, “ఇది కారుతున్న మన పాత మిద్దె వాసనేరా” అన్నారు. ఇరవై మంది ఊపిరి బిగబట్టిన క్షణంలో తెలుగు రాని వారు కూడా ఆ గొంతుకు ఉలిక్కిపడ్డారు.

మెట్లు ఎక్కువ, నేల ఎగుడుదిగుడు. మడమ ఎత్తు చెప్పులు వద్దు. జూన్ అయినా లోపల చలిగానే ఉంటుంది కనుక ఒక స్వెటర్ ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులుంటే వీధిలో మాత్రమే సాగే నడకను తీసుకోమనండి, అది కూడా బాగుంటుంది. చిన్నపిల్లలు వెంట ఉంటే టిక్కెట్టు కొనే ముందు వయసు నిబంధన చూడాలి; రాత్రి పొద్దుపోయాక సాగే నడకలు కొన్ని పెద్దవారికే పరిమితం. మీ శ్రీమతి గారు అడిగిన దానికి నా సమాధానం ఇది: భయం సంగతి ఎలా ఉన్నా, ఒక ఊరు తన మీద తానే ఇల్లు కట్టుకున్న తీరు చూడటానికి ఆ డబ్బు ఇవ్వవచ్చు.

ప్రశ్న: 1645లో ప్లేగు వచ్చినప్పుడు మేరీ కింగ్స్ క్లోజ్ అనే సందులో రోగులను బ్రతికుండగానే గోడలు కట్టి మూసేశారని యూట్యూబ్‌లో చూశాను. ఇది నిజమా? — ఒక పాఠకురాలు, గుంటూరు

నిజం కాదమ్మా. ఎడిన్‌బరా కథల్లో అన్నిటికంటె ఎక్కువమంది నమ్మినది, అన్నిటికంటె తేలికగా తేలిపోయేది ఇదే.

1645లో ప్లేగు వచ్చిన మాట, అది ఆ ఊరిని కుదిపేసిన మాట వాస్తవం. అయితే నగర పాలక మండలి చేసిన పని గోడ కట్టటం కాదు. రోగం తగిలిన కుటుంబాలను ఇళ్లలోనే ఉండమని ఆజ్ఞాపించి, తిండీ బొగ్గూ ఊరి ఖర్చుతో చేర్పించారు. చాలామందిని ఊరి బయట మైదానాల్లో వేసిన గుడిసెలకు తరలించారు. కోవిడ్ రోజుల్లో మన అపార్ట్‌మెంట్ల గుమ్మాల ముందు పాల ప్యాకెట్లు పెట్టి వెళ్లిన దృశ్యాన్ని తలుచుకుంటే మీకు ఆ 1645 బాగానే అర్థమవుతుంది.

నాకు ఈ మొత్తం ఉదంతంలో నచ్చిన భాగం ఒక జీతం తగాదా. ప్లేగు వైద్యం కోసం నియమించిన జాన్ పాలిషస్ ఆ రోగంతోనే జూన్‌లో చనిపోయాడు. అతని స్థానంలో జార్జ్ రే వచ్చాడు. ప్రమాదం పెరిగిన కొద్దీ జీతాన్ని పెంచుతూ పోయి, నెలకు 100 స్కాట్లాండ్ పౌన్ల దాకా ఒప్పుకున్నారు. తోలు అంగీ, పక్షి ముక్కు వంటి ముసుగు వేసుకుని ఇంటింటికీ తిరిగిన ఆ వైద్యుడు, ఎవరూ ఊహించని విధంగా, బ్రతికి బట్టకట్టాడు. ఆ తర్వాత బాకీ జీతం కోసం అతడు ఏళ్ల తరబడి తిరగవలసి వచ్చింది. కాంట్రాక్టు పనిచేసి బిల్లు రాక ఆఫీసుల చుట్టూ తిరిగినవారు మన పాఠకుల్లో ఎందరో ఉంటారు. వారెవరికీ ఈ కథలో దయ్యం అవసరం ఉండదు.

మరి ఆ సందు భూమి కిందకి ఎలా పోయిందన్న సందేహం మీకు వస్తుంది. 1753లో రాయల్ ఎక్స్ఛేంజ్ అనే వర్తక భవనాన్ని అక్కడ కట్టడం మొదలుపెట్టారు. మిట్ట వాలుగా ఉండటంతో నేలను సమం చేయటానికి పైనున్న అంతస్తులను కూల్చి, కింది అంతస్తులను పునాదిగా వాడుకున్నారు. ఆ భవనమే ఇప్పుడు నగర పాలక మండలి కార్యాలయం. సందులో ఒక భాగం ఆ తర్వాత కూడా చాలాకాలం వాడుకలో ఉంది. రంపాలు చేసే ఆండ్రూ చెస్నీ అనే ఆయన అక్కడ ఆఖరి నివాసిగా 1902 దాకా ఉన్నాడు. ప్లేగు వచ్చి పోయిన 250 ఏళ్లకు పైగా మనుషులు తిరిగిన చోటును ‘సజీవ సమాధి’ అంటే నమ్మటం కష్టం కదా. 2003 నుంచి అది సందర్శనశాలగా నడుస్తోంది.

లోపల ఒక గదిలో బొమ్మలు గుట్టగా పోసి ఉంటాయి. 1992లో జపాన్ నుంచి వచ్చిన ఒక అతీంద్రియ శక్తుల ఆవిడకు, ప్లేగుతో పోయిన ‘ఆనీ’ అనే చిన్నపిల్ల తన బొమ్మ పోయిందని ఏడుస్తూ కనిపించిందట. ఆవిడ ఒక బొమ్మ కొని అక్కడ పెట్టింది. అప్పటి నుంచి వచ్చినవారంతా పెడుతూ ఉన్నారు. ఆనీ ఉన్నదనటానికి కాగితం ఏదీ లేదు. కాని ఆ గుట్ట ముందు నిలబడితే, మన గ్రామదేవతల చెట్లకు కట్టిన ఉయ్యాలలు గుర్తుకు వస్తాయి. ఆ గదిలో నేను ఆనీని తలుచుకోలేదు, బొమ్మలు పెట్టి వెళ్లినవారిని తలుచుకున్నాను.

ప్రశ్న: గ్రేఫ్రయర్స్ శ్మశానంలో మెకెంజీ సమాధి దగ్గర సందర్శకులు మూర్ఛపోతారని, ఒంటి మీద గీతలు పడతాయని చదివాను. భౌతికశాస్త్రం బోధించేవాడిగా అడుగుతున్నాను: దీన్ని ఎవరైనా పరీక్షించారా? — ఒక విశ్రాంత అధ్యాపకుడు, హైదరాబాద్

ఆ సమాధి దగ్గర కాదు గాని, ఆ ఊళ్లోనే పరీక్షించారు. మీకు నచ్చే పద్ధతిలోనే చేశారు. రిచర్డ్ వైజ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2001లో తన బృందంతో సౌత్ బ్రిడ్జి కింది అరల్లో పదింటిని ఎంచుకుని, రెండు వందలకు పైగా సామాన్యులను విడివిడిగా పంపి, వారికి కలిగిన అనుభూతులను రాయించాడు. ఏ అరకు దయ్యాల పేరుందో, దేనికి లేదో వారికి చెప్పలేదు. అయినప్పటికీ పేరున్న అరల్లోనే ఎక్కువమందికి చలి వేసినట్టు, ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. ఇంతవరకు చదివిన వారు దయ్యాలు గెలిచాయనుకుంటారు. కాని అర ఎంత పెద్దది, దాని గుమ్మం బయట ఎంత వెలుతురు ఉంది అనే కొలతలతో ఈ అనుభూతులు ముడిపడి ఉన్నాయని లెక్కలో తేలింది. వెలుతురులోంచి ఉన్నట్టుండి పెద్ద చీకటి గదిలోకి వచ్చిన మనిషి ఒళ్లు తానే జాగ్రత్తపడుతుంది. ఆ పరిశోధన 2003లో అచ్చయింది. అంటే ఆ మనుషులు అబద్ధం చెప్పలేదు, అనుభూతి నిజమే. దానికి పెట్టిన పేరు దగ్గరే తేడా ఉంది.

మెకెంజీ సంగతి వేరు, అది నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది. సర్ జార్జ్ మెకెంజీ 17వ శతాబ్దంలో రాజు తరఫు ప్రధాన న్యాయవాది. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోని ‘కవనాంటర్లు’ 1638లో తమ ఒడంబడిక పత్రం మీద సంతకాలు పెట్టింది ఈ గ్రేఫ్రయర్స్ చర్చిలోనే. నలభై ఏళ్ల తర్వాత 1679లో బాత్‌వెల్ బ్రిడ్జి యుద్ధంలో వారు ఓడిపోగా, సుమారు 1,200 మంది ఖైదీలను నడిపించి తెచ్చి, ఈ శ్మశానానికి ఆనుకుని ఉన్న ఖాళీ స్థలంలో ఆరుబయట నెలల తరబడి ఉంచారు. రాజుకు లోబడతామని రాసిచ్చినవారిని వదిలేశారు. మొండికేసి మిగిలిన 250 మందికి పైగా ఖైదీలను వలస రాజ్యాలకు పంపటానికి ఓడ ఎక్కించారు. ఆ ఓడ డిసెంబరులో ఆర్క్నీ దీవుల దగ్గర బద్దలై, వారిలో 200 మందికి పైగా మునిగిపోయారు. ఈ కేసులు నడిపినవాడు కావటం చేత మెకెంజీకి ‘నెత్తుటి మెకెంజీ’ అన్న పేరు వచ్చింది. 1691లో చనిపోయి, తాను హింసించిన వారి చెరసాలకు కూతవేటు దూరంలోనే గుండ్రని గోపురం కింద పడుకున్నాడు. దమ్ముంటే బయటికి రమ్మని తాళపు కన్నంలోంచి కేక వేసి పారిపోవటం ఊరి పిల్లలకు ఒకప్పుడు పందెంగా ఉండేది.

ఇంతటివాడు మంత్రగత్తెల విచారణల్లో చిత్రహింసలతో రాబట్టే నేరాంగీకారాలను అనుమానించిన న్యాయవాది కూడా, న్యాయవాదుల గ్రంథాలయానికి మూలపురుషుడు కూడా. ఆ గ్రంథాలయ సంపదే 1925లో స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయానికి ఆధారమైంది. గైడ్లు ఈ రెండో సగాన్ని సాధారణంగా వదిలేస్తారు, భయానికి అడ్డం వస్తుంది కనుక.

పిశాచం వయసు మాత్రం చాలా తక్కువ. 1990ల చివర, తలదాచుకోవటానికి వచ్చిన ఒక నిరాశ్రయుడు సమాధి గోపురంలో జొరబడ్డాడన్న కథతో అది మొదలవుతుంది. ఆ తర్వాత అక్కడ నడకలు మొదలయ్యాయి. ‘కవనాంటర్ల చెర’ అని పేరున్న ఆవరణకు నగర పాలకులు తాళం వేయగా, గైడ్ వెంట వెళ్లేవారికి మాత్రమే అది తెరుచుకుంటోంది. తాళం వేసిన చోటుకు పేరు పెరగటం లోక సహజం. ఒక చిన్న విషయం మీరు గైడ్‌ను అడిగి చూడండి. ఆ ఆవరణలో ఇప్పుడు వరుసగా కనిపించే సమాధులన్నీ 18వ శతాబ్దంలోనూ ఆ తర్వాతా కట్టినవి. అసలు చెర స్థలంలో అది ఒక ముక్క మాత్రమే, మిగతా భాగం మీద తర్వాత భవనాలు లేచాయి. కాబట్టి ఖైదీలు ఈ సమాధుల మధ్య పడుకున్నారని ఎవరైనా చెబితే అది కాలానికి సరిపోని మాట. వారు పడుకున్నది ఉత్త గడ్డి మీద.

ప్రశ్న: బర్క్, హేర్ అనే ఇద్దరు సమాధులు తవ్వి శవాలు అమ్మేవారని మా పిల్లలకు పాఠం చెబుతూ అన్నాను. సరైనదేనా? — ఒక ఉపాధ్యాయిని, అనంతపురం

కాదండి, దిద్దుకోవాలి. వారు ఒక్క సమాధినీ తవ్వలేదు. శరీరనిర్మాణ శాస్త్రం నేర్పే వైద్యులకు శవాలు చాలినన్ని దొరకని కాలం అది. హేర్ నడిపే వసతి గృహంలో అద్దె బాకీ పడిన ముసలాయన జబ్బుతో చనిపోతే, బాకీ రాబట్టుకోవటానికి శవాన్ని డాక్టర్ రాబర్ట్ నాక్స్ శాలకు ఏడున్నర పౌన్లకు అమ్మారు. ఆ రుచి మరిగి, 1828లో పదహారు మందిని చంపి అమ్మారు. హేర్ సాక్షిగా మారి తప్పించుకున్నాడు. బర్క్‌ను 1829 జనవరి 28న ఉరితీసి, శవాన్ని కోసి చూపించారు. అతని అస్థిపంజరం నేటికీ ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో ఉంది. 1832లో శవాల సేకరణకు చట్టం వచ్చింది.

సమాధులు తవ్విన దొంగలు వేరే ఉండేవారు. గ్రేఫ్రయర్స్‌లో కొన్ని సమాధుల మీద కనిపించే ఇనుప పంజరాలు వారి భయంతో వేసినవే. శవం లేచి రాకుండా వేశారని ఎవరైనా అంటే పిల్లలను నవ్వమనండి.

ప్రశ్న: నేను వరంగల్ నుంచి వచ్చి ఎడిన్‌బరాలో పీజీ చేస్తున్నాను. ఖాళీ సమయంలో ఒక టూరు సంస్థలో గైడ్‌గా చేరాను. జనం అరవకపోతే రివ్యూలు రావని, కథ మధ్యలో నచ్చిన చావులు కలుపుకోమని అంటున్నారు. చెప్పేటప్పుడు నాకే సిగ్గుగా ఉంది. ఏం చేయమంటారు? — ఒక విద్యార్థి

నాయనా, నీ సిగ్గు నీకు మంచి పెట్టుబడి. దాన్ని పోగొట్టుకోకు. ఉద్యోగం పోగొట్టుకోమని కూడా నేను చెప్పను.

మన భాషలో ఒక సదుపాయం ఉంది. ‘వచ్చాడు’ అంటే నేను బాధ్యత వహిస్తున్నాను. ‘వచ్చాడట’ అంటే విన్నది చెబుతున్నాను. ఆ ‘ట’ ఒక్కటి చేర్చగానే, వినేవారు కథను ఆనందిస్తారు, నమ్మకాన్ని తమ దగ్గరే ఉంచుకుంటారు. మా అమ్మమ్మ కొరివిదయ్యం కథ చెప్పేటప్పుడు ప్రతి వాక్యమూ ‘అట’తోనే ముగిసేది, అయినా మేము దుప్పటి ముసుగు తీసేవాళ్లం కాదు. ‘అట’ వల్ల భయం తగ్గుతుందని నీ యజమానులు అనుకుంటే వారికి అమ్మమ్మలు లేరని అర్థం. ఇంగ్లీషులో ఆ పని ఒక్క అక్షరంతో జరగదు గనుక, నువ్వు గొంతుతోనూ ఆగటంతోనూ చేయాలి. సౌత్ బ్రిడ్జి మీదనే ప్రయత్నించి చూడు. వంతెనకు 19 కమానులు అన్నది రికార్డు. అది నిలబడి, తేటగా చెప్పు. వంతెనను మొదట దాటే గౌరవం ఇవ్వదలిచిన వృద్ధురాలు ప్రారంభానికి ముందే చనిపోగా, మాట తప్పకూడదని ఆమె శవపేటికను ముందుగా దాటించారట. అది చెప్పేటప్పుడు ఒక అడుగు దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించు. కథ చెడదు, రికార్డూ చెడదు.

ఒక్క చోట మాత్రం కల్పన వద్దని గట్టిగా చెబుతాను. కోట ముందర, మంత్రగత్తెలన్న నెపంతో చంపబడినవారి జ్ఞాపకార్థం 1894లో పెట్టిన చిన్న నీటి తొట్టి ఒకటి ఉంది. చాలామంది చూడకుండానే దాటిపోతారు. స్కాట్లాండ్‌లో 1563 నుంచి 1736 దాకా అమలులో ఉన్న చట్టం కింద సుమారు 4 వేల మంది మీద ఆ నేరం మోపారు. వారిలో అత్యధికులు స్త్రీలు. 2022 మార్చి 8న అప్పటి ఫస్ట్ మినిస్టర్, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత, నికొలా స్టర్జన్ వారికి అక్కడి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. నువ్వు వచ్చిన ప్రాంతంలో బాణామతి నెపంతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ తొట్టి దగ్గర అరిపించటం కోసం మాటలు వెదకవద్దు. కోరుకుంటే నీ ఊరి సంగతే ఒక వాక్యంలో చెప్పు. అది నీకు తప్ప అక్కడి మరో గైడ్‌కు చేతకాదు.

ప్రశ్న: ఇంతటి చరిత్ర ఉన్న మన హైదరాబాద్ పాతబస్తీలో ఇటువంటి దయ్యాల నడకలు ఎందుకు పెట్టరు? కోఠీ రెసిడెన్సీ, గోల్కొండ ఉండనే ఉన్నాయి కదా! — ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

మన దగ్గర చారిత్రక నడకలు ఉన్నాయమ్మా. చార్మినార్ నుంచి చౌమహల్లా వైపు తెల్లవారుజామున దుకాణాల షట్టర్లు ఇంకా దించి ఉండగానే సాగే హెరిటేజ్ వాక్‌లకు ఆదివారాల్లో నేనూ వెళ్లాను. రాత్రి నడకల పట్ల నాకు ఒక సంకోచం ఉంది. ఎడిన్‌బరాలో చూపించే అరలు ఖాళీవి. మన పాతబస్తీ గల్లీలు ఖాళీవి కావు. ప్రతి గుమ్మం వెనుక ఒక సంసారం ఉంది. వారి కిటికీ కింద ఇరవై మందిని నిలబెట్టి కెవ్వుమనిపించటం మర్యాద కాదు. అషూర్‌ఖానాల వంటివి సంతాపం కోసం వెలసిన పవిత్ర స్థలాలు, వాటిని భయానికి వాడుకోవటం అసలే కుదరదు.

అయితే మీరు చెప్పిన రెండు చోట్లలోనూ సరుకు ఉంది. గోల్కొండలో తారామతి గజ్జెల చప్పుడు రాత్రుళ్లు వినిపిస్తుందట. ఆ ‘అట’ను అలాగే ఉంచి, ఫతే దర్వాజా దగ్గర గోపురం కింద నిలబడి చప్పట్లు కొట్టించుకోండి, దాదాపు కిలోమీటరు దూరాన బాలాహిస్సార్ పైన నిలబడినవారికి ఆ శబ్దం అందుతుంది. కాపలా కోసం కట్టిన ఆ ఏర్పాటు ముందు గజ్జెల కథ చిన్నబోతుంది. కోఠీ రెసిడెన్సీలో, నిజాం కొలువులో బ్రిటిష్ వారి ప్రతినిధి (రెసిడెంట్) అయిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నిసా కోసం కట్టించిన, ఆ భవనానికే చిన్న నమూనా ఉంది. పరదా పాటించే ఆవిడ పెద్ద భవనం ముందు భాగానికి రాలేదు గనుక, దాని రూపం చూసుకోవటానికి ఈ బొమ్మ భవనాన్ని జనానా తోటలో పెట్టించాడని చెబుతారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ అనుచరులతో దాడి చేసింది కూడా ఈ రెసిడెన్సీ మీదనే. ఇంతకుమించి పిశాచాలు దేనికి?

రాత్రి నడక ఒకటి నన్ను పెట్టమంటే మూసీ ఒడ్డున పెడతాను. 1908 సెప్టెంబరు 28న నది పొంగి, పదిహేను వేల మంది వరకు ప్రాణాలు పోయాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు ఆ విషాదం తర్వాతే వచ్చాయి. ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారు. చింతచెట్టు అనగానే దయ్యాన్ని తలుచుకునే మనకు, మనుషులను దాచుకున్న చింతచెట్టు ఒకటి నగరం నడిబొడ్డున ఉందంటే వింతగానే ఉంటుంది. మీరు సికింద్రాబాద్‌లోనే ఉన్నారు గనుక పొద్దున్నే బయల్దేరండి. ఆసుపత్రి ఆవరణ కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడాలి, రోగుల బంధువులు కూర్చునే చోట్లను వారికే వదిలేయాలి.